గడప దగ్గర విప్పిన బూట్లు

ప్రపంచంలోని పోలీసులందరికీ సెలవిచ్చి ఇళ్లకు పంపేసి, మా అమ్మమ్మ బెహియాను ఒక పీట మీద కూర్చోబెట్టండి. మనుషుల చేత బూట్లు విప్పించి ఆమె ముందు నుంచి ఒక్కొక్కరినే నడిపించండి. సాయంత్రం కాఫీ వేళకల్లా ఈ భూమ్మీద దొరక్కుండా మిగిలిన యుద్ధనేరస్తుడు ఒక్కడున్నా నా చెవి కోసిస్తాను. ముఖాలకు ముసుగులేసుకోండి, గడ్డాలు పెంచుకోండి, పేర్లు మార్చుకుని సముద్రాలు దాటండి. పాదాలెక్కడ దాచుకుంటారు?

ఇవన్నీ మనవడి కోతలు. ఆమె నోట ఇలాంటి మాట ఎన్నడూ రాలేదు. నిజం చెప్పాలంటే బెహియాకు చూపే సరిగా ఆనదు. పది అడుగుల అవతల నిలబడితే కన్నకూతుర్నీ పాలవాణ్ణీ ఒకేలా పలకరిస్తుంది. ఒకసారి పొలం గట్టున ఎండుగడ్డి కుప్పకు సలాం చెప్పి, ఇంట్లోవాళ్లంతా బాగున్నారా అని కూడా అడిగింది. ఇమాం గారనుకున్నానంది. కళ్లద్దాలు కొనిస్తే పెట్టెలో దాచింది. ముఖాలు అంత స్పష్టంగా చూడాల్సిన అవసరం తనకేమీ లేదంది.

పాదాల సంగతి వేరు. ద్రీనా నదికి పైన, కొండవాలులో ఉన్న యాసెనిక్ ఊళ్లో వాగుకు ఇటువైపువాళ్లు మసీదుకు వెళ్లేవాళ్లు, అటువైపువాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు. ఎటు వెళ్లినా రెండువైపులవాళ్ల కాళ్లకూ బెహియా అల్లిన ఉన్ని మేజోళ్లే. ఎవరి మడమ వెడల్పో, ఎవరి బొటనవేలు పక్కకు తిరిగిందో, ఎవరు కాలీడ్చి నడుస్తారో, ఎవరి పెళ్లాం చిరుగులు కుట్టకుండా బద్ధకిస్తుందో అన్నీ ఆమెకు తెలుసు. ఐదు సూదులు గుండ్రంగా పట్టుకుని కూర్చుంటే చేతులవంతట అవే కదులుతాయి, నోరు దానంతట అది కదులుతుంది.

ఆ ఊళ్లో బూట్లతో గడప దాటేవాడు లేడు. పెళ్లికొడుకైనా, పశువుల డాక్టరైనా, పన్ను వసూలుకొచ్చినవాడైనా గడప బయట వంగి లేసులు విప్పాల్సిందే. బురద బూట్లతో లోపలికొచ్చినవాడంటే వాణ్ణి కన్నవాళ్లకు మర్యాద తెలియదనే అర్థం. ఆ తిట్టు తల్లిదాకా వెళ్తుంది.

వాగు అవతల మొదటి ఇల్లు ఒబ్రెన్‌ది. అడవిలో చెట్లు నరికే పని. డెబ్బై తొమ్మిదిలో ఒక దుంగ దొర్లి ఎడమ పాదం మీద పడింది. చిటికెన వేలు, దాని పక్కవి రెండు, మొత్తం మూడు వేళ్లు పోయాయి. ఆస్పత్రి నుంచి వచ్చాక మామూలు మేజోడు వేసుకుంటే ఖాళీగా ఉన్నచోట ఉన్ని ముద్దకట్టి, బూటులో ఒరుసుకుని పుండు పడేది. కొత్తగా కాపురానికొచ్చిన అతని భార్య కోవిల్కకు అల్లిక రాదు. చివరికి ఒబ్రెన్ సిగ్గుపడుతూ బెహియా ముందు కాలు చాపాడు.

"నవ్వకు వదినా."

"నవ్వకేం చేస్తాను? గొర్రె కొరికిన క్యాబేజీలా ఉంది" అంది బెహియా.

నవ్వుతూనే జానతో కొలిచింది. ఎడమ మేజోడు ముందుభాగంలో రెండు పక్కలా కుట్లు తగ్గించకుండా ఒక్క పక్కనే తగ్గించుకుంటూ పోయింది. కొడవలితో ఏటవాలుగా కోసినట్టు వచ్చింది. అలాంటి మేజోడు ద్రీనాకు ఈ ఒడ్డునా లేదు, ఆ ఒడ్డునా లేదు. అప్పటి నుంచి ప్రతి ఏడూ ప్లమ్ పళ్లు వండే రోజుల్లో ఒబ్రెన్‌కు ఒక జత. బదులుగా అతను బండెడు కట్టెలు తోలేవాడు. వచ్చినప్పుడల్లా బూట్లు విప్పి, జతగా గోడ వారన పెట్టి, లోపలికొచ్చి, బెహియా భర్త షాబాన్ పక్కన కూర్చుని కాఫీ తాగేవాడు. చక్కెర బిళ్లను కాఫీలో ముంచి కొరకడం ఆ ఇంట్లో పిల్లలకు నేర్పింది అతనే.

తొంభై రెండు వసంతంలో యుద్ధం మొదలైంది, రేడియో కొత్త మాటలు నేర్చుకుంది. వాగు అటువైపువాళ్లు ఇటువైపువాళ్ల కళ్లలోకి చూడటం మానేశారు. ఫాదిలాను, అంటే పన్నెండేళ్ల మా అమ్మను, ఆఖరి బస్సులో పెద్దమ్మ ఊరికి పంపేశారు. షాబాన్ మాత్రం కదల్లేదు. గడ్డి కోతలయ్యాక చూద్దామన్నాడు. ఒబ్రెన్ ఉండగా మన మీద చెయ్యి పడనిస్తాడా అని కూడా అన్నాడు. ఈ రెండో మాటను బెహియా ఈనాటికీ పళ్ల మధ్య పెట్టుకుని నములుతుంది.

జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. బెహియా బంగాళాదుంపల పొరల రొట్టె పొయ్యిలో పెట్టి, చేతుల పిండి కడుక్కుంటోంది. షాబాన్, పంతొమ్మిదేళ్ల కొడుకు మురిజ్ భోజనానికి కూర్చున్నారు. కుక్క మొరిగి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

నలుగురొచ్చారు. తలకు నల్లటి ముసుగులు, కళ్ల దగ్గర రెండు చిల్లులు. భయంలోనూ బెహియా కళ్లు వాటి పని అవి చేశాయి. ముసుగులు మిషను అల్లిక, చవక నూలు.

ముగ్గురు బూట్లతోనే లోపలికి తోసుకొచ్చారు. పొద్దున కడిగిన చెక్క నేల మీద మట్టి ముద్దలు పడ్డాయి. నాలుగోవాడు గడప దగ్గర ఆగాడు. తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. వంగాడు. లేసులు విప్పాడు. బూట్లు రెండూ జతగా గోడ వారన పెట్టాడు. మేజోళ్లతో లోపలికి అడుగుపెట్టాడు.

లోపలున్న ముగ్గురిలో ఒకడు చూసి పగలబడి నవ్వాడు.

"ఏం బావా, అత్తారింటికొచ్చావా? కాఫీ కూడా అడుగు!"

నాలుగోవాడు మూడో అడుగు దగ్గర ఆగాడు. గిరుక్కున వెనక్కి తిరిగి బూట్లు తొడుక్కున్నాడు. ఇంత జరిగినా పెదవి విప్పలేదు, ఎందుకంటే అతని గొంతు ఆ ఇంట్లో పిల్లి కూడా గుర్తుపడుతుంది. అప్పటికే ఆలస్యమైంది. బెహియా నేల మీద మట్టిని చూస్తూ నిలబడింది కాబట్టి పాదాలను చూసింది. ముదురు గోధుమరంగు ఉన్ని, చీలమండ దగ్గర బూడిదరంగు చార, ఎడమది ఏటవాలుగా కోసినట్టు. కిందటి ఏడు తను అల్లిన జతే.

ఆమె పేరు పెట్టి పిలవలేదు. పిలిచి ఉంటే తనను కూడా అక్కడే కాల్చేవాళ్లని ఊరంతా అంటుంది. లేదూ, వాడు సిగ్గుతో చచ్చి మగవాళ్లను వదిలేసేవాడేమోనని ఆమె లోపల ఇంకొకరు అంటారు. ఆ ఇంకొకరు ఇరవై ఐదేళ్లు ఆమెను తిననివ్వలేదు, నిద్రపోనివ్వలేదు. షాబాన్‌నూ మురిజ్‌నూ చేతులు కట్టి తీసుకెళ్లారు. రొట్టె పొయ్యిలోనే మాడిపోయింది. మర్నాడు ఇల్లు తగలబెట్టి బెహియాను ఊళ్లోంచి తరిమేశారు.

రెండువేల నాలుగులో పై కొండల నడుమ లోయలో శవాలు పూడ్చిన గొయ్యి ఒకటి బయటపడింది. పొడవాటి గదిలో బల్లల మీద ఎముకలు, బట్టల పీలికలు పేర్చి బెహియాను పిలిచారు. మురిజ్ మేజోడు మడమ దగ్గర అల్లిక తిప్పిన తీరు ఆమెదే. చేత్తో తడిమి, ఇదే అంది. షాబాన్ ఆ పక్క బల్ల మీద దొరికాడు. కొడుకునూ మేజోడుతోనే గుర్తుపట్టింది, వాణ్ణి తీసుకెళ్లినవాణ్ణీ మేజోడుతోనే గుర్తుపట్టింది. ఆ తర్వాత ఏడాదిపాటు సూది ముట్టలేదు.

ఈ గొయ్యి బయటపడటానికి రెండేళ్ల ముందే ఆమె యాసెనిక్‌కు తిరిగొచ్చేసింది. అందరూ వద్దన్నారు. ఫాదిలా ఏడ్చింది. "ఆ బూడిదలో ఏముందమ్మా?" అని అడిగింది.

"ప్లమ్ చెట్లున్నాయి" అంది బెహియా.

చెట్లు నాలుగే మిగిలాయి, అందులో రెండు కాయవు. కొత్త ఇల్లు కట్టే మేస్త్రీతో వంటింటి కిటికీ ఫలానా చోటే ఉండాలని మూడు రోజులు పోట్లాడింది. అక్కణ్ణుంచి చూస్తే వాగు అవతల ఒబ్రెన్ పెరడు మొత్తం కనబడుతుంది. ఆమెకు మనిషి కనబడడు గానీ కదలిక కనబడుతుంది, ఆ కాలీడ్పు కనబడుతుంది. అంతే చాలు.

వచ్చిన వారానికే ఒబ్రెన్ గుమ్మంలోకొచ్చాడు. వంగి, బూట్లు విప్పి, గోడ వారన పెట్టాడు.

"వదినా, వచ్చావా! ఎంత ఘోరం జరిగిపోయింది. నేనప్పుడు వంతెన దగ్గర కాపలా ఉన్నాను. ఊళ్లో ఉండుంటేనా..."

బెహియా అతని పాదాలు చూసింది. బజారు మేజోళ్లు. ఎడమదాంట్లో గుడ్డపేలిక కుక్కుకున్నాడు. ఆమె జెజ్వా, అంటే కాఫీ కాచే రాగి గిన్నె, పొయ్యి మీద పెట్టి కాఫీ కాచింది, చక్కెర బిళ్ల పక్కన పెట్టింది.

"పాపం, ఆ కాలికి పుళ్లు పడట్లేదూ? ఉన్ని ఉంది. ఒక జత అల్లనా?" అంది.

ఒబ్రెన్ చేతిలో కప్పు ఆగిపోయింది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. అది ఆమెకు కనబడలేదు. కానీ కప్పు సాసరుకు తగిలి టకటకలాడటం వినబడింది.

"వద్దు వదినా. ఇప్పుడవి వేసుకోవట్లేదు."

"తాగు, తాగు. ఆరోగ్యం జాగ్రత్త" అంది బెహియా.

ఆ రోజు నుంచి ఆమె నమాజులో ఒక దువా కొత్తగా చేరింది. ఒబ్రెన్‌కు నూరేళ్ల ఆయుష్షు ఇవ్వు తండ్రీ, వాడి గుండె గట్టిగా ఉంచు, వాడికి జ్వరం కూడా రానివ్వకు. ఒకసారి పక్కనున్న ఇమాం గారు విని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇంత క్షమాగుణం నేనెక్కడా చూడలేదమ్మా అన్నారు.

"క్షమా లేదు, గిమా లేదు. వాడు మంచం మీద హాయిగా పోతే నేను కోర్టుకు ఎవర్ని లాగాలి?" అంది.

లాగడం అంత తేలిక కాలేదు. ఒక అధికారి రాసుకున్నాడు, బదిలీ అయిపోయాడు. ఇంకొకాయన మేజోడు సాక్ష్యం కాదమ్మా అన్నాడు. మరొకాయన ముఖం చూశారా లేదా అన్నదే అడుగుతూ పోయాడు. పన్నెండేళ్లు గడిచాక జెనితా అనే కుర్ర ప్రాసిక్యూటరు ఫైలు పట్టుకుని కొండెక్కి వచ్చింది. గడప దగ్గర బూట్లు విప్పింది. మేజోడు బొటనవేలు దగ్గర చిల్లు. బెహియా మొదట ఆ చిల్లు కుట్టింది, ఆ తర్వాతే కథ చెప్పింది.

జెనితా అంతా రాసుకుంది. చివరికి అంది: "వంతెన కాపలా పట్టికలో ఒబ్రెన్ పేరుంది. ఏ ఇంట్లోనూ అడుగు పెట్టలేదంటాడు. మీ ఇంట్లో ఉన్నాడని చెప్పగలిగేది మీరొక్కరే, బెహియా గారూ. అది నిలబడితే కేసు నిలబడుతుంది. లేదంటే లేదు."

"నిలబెడతాను."

"కోర్టులో మాత్రం ఇప్పుడు రాయించినదానికి ఒక్క మాట తేడా రాకూడదు."

"నేను అల్లింది విప్పి మళ్లీ అల్లే రకం కాదు తల్లీ" అంది బెహియా.

కేసు పెట్టిన నెలకే ఒబ్రెన్‌కు గుండెనొప్పి వచ్చింది. బెహియా తిండి మానేసింది. మూడోరోజు తేనె సీసా, ఎండబెట్టిన లిండెన్ పూలు పట్టుకుని వాగు దాకా వెళ్లి కోవిల్కను కేకేసింది. కోవిల్క ఆ ఒడ్డున నిలబడింది, జుట్టంతా నెరిసింది.

"ఏంటిది బెహియా? విషమా?"

"తేనె. పొద్దునా సాయంత్రం చెంచాడు పెట్టు. పూలు మరిగించి తాగించు. ఉప్పు తగ్గించు. కట్టెలు కొట్టనివ్వకు."

"నువ్వు వాణ్ణి జైల్లో వెయ్యాలని చూస్తూ..."

"అందుకే పెట్టమంటున్నాను. నా వాళ్లకు సమాధులు కట్టుకున్నాను. నీవాడికి ఇప్పుడే వద్దు."

కోవిల్క సీసా అందుకుంది. వెళ్లబోయి ఆగింది. ఎటో చూస్తూ అంది: "ఆ రోజు సాయంత్రం వచ్చి ఆ మేజోళ్లు పొయ్యిలో వెయ్యమన్నాడు. చిరుగు కూడా లేదు, ఎందుకయ్యా అన్నాను. వెయ్యమన్నాడు."

"ఈ మాట కోర్టులో చెబుతావా?"

"చెప్పను. నా మొగుడు వాడు."

"అయితే నాకెందుకు చెప్పావు?" అని అరిచింది బెహియా. కోవిల్క సీసా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. బెహియా ఇంటికొచ్చి, ఆ మాట విన్నందుకు సంతోషించకుండా, దాన్ని వాడుకోలేనందుకు మూడు రోజులు గిన్నెలు విసిరింది. తేనె మాత్రం ప్రతి నెలా పంపింది.

కేసు రాజధానిలో నడిచింది. బస్సులో బెహియాకు దారంతా వాంతులు. కోర్టు గుమ్మంలో కాపలావాడు సంచీ వెతికి అల్లిక సూదులు తీసి పక్కన పెట్టాడు.

"ఇవి లోపలికి రానివ్వం, అవ్వా."

"లోపల కూర్చున్నవాడు తుపాకీతో నా ఇంట్లోకొచ్చినప్పుడు ఈ జాగ్రత్త ఎక్కడికి పోయింది?" అని అడిగింది. సూదులు మాత్రం ఇచ్చేసింది.

నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. ఆమె చెప్పింది. రొట్టె, కుక్క, మట్టి, ముసుగులు, మేజోడు. గడప దగ్గర బూట్లు విప్పినచోటికి వచ్చేసరికి గొంతు పూడిపోయింది. జడ్జి మంచినీళ్లు ఇప్పించి, తర్వాత చెబుదువుగానిలే అన్నాడు. ఆ భాగం అలా మిగిలిపోయింది. ఒబ్రెన్ తల దించుకుని గాజు గోడ వెనక కూర్చున్నాడు. పచ్చగా, పుష్టిగా ఉన్నాడు. అది చూసి, అంటే ఫాదిలా చెవిలో చెబితే విని, బెహియా తన తేనెకు తనే మెచ్చుకుంది.

అతని లాయరు వుకాషిన్ లేచాడు. మెత్తటి గొంతు, మెరిసే బూట్లు. పది అడుగుల దూరంలో నిలబడి చెయ్యెత్తాడు.

"అమ్మా, ఎన్ని వేళ్లు చూపిస్తున్నాను?"

బెహియా కళ్లు చికిలించింది. "చెయ్యెత్తావా నువ్వు?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నా చెయ్యే కనబడని మీకు పాతికేళ్ల కిందటి మేజోడు కనబడిందా?"

"నువ్వు నడిచొచ్చేటప్పుడు విన్నాను బాబూ. కుడి మడమ బయటివైపు అరిగింది. ఎడమ మేజోడు కిందికి జారి బూటులో ముద్దకట్టింది, అందుకే ఆ కాలు విదిలిస్తున్నావు. కూర్చున్నాక పైకి లాక్కో."

ఈసారి అందరూ నవ్వారు. వుకాషిన్ కూడా నవ్వాడు. తర్వాత తన పని మొదలుపెట్టాడు. అలాంటి రంగు ఉన్ని ఆ కొండల్లో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కదా? ఉంటుంది. మేజోళ్లు తీగ మీద ఆరేస్తారు కదా, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు కదా? పోవచ్చు, కానీ ఐదు వేళ్ల కాలికి అది ఎక్కదు. ఉన్ని సాగదా అమ్మా? సాగుతుంది గానీ నా అల్లిక సాగదు. సాగుతుందా, సాగదా? కొంచెం సాగుతుంది. ఎంతసేపు చూశారు? మూడు అడుగులు వేసినంతసేపు. భయంగా ఉందా? ఉంది. నిందితుడి గొంతు విన్నారా? లేదు. ముఖం? లేదు.

"అయితే మీరు చూసింది ఒక మేజోడు. మనిషిని కాదు" అన్నాడు వుకాషిన్. జడ్జిల బల్ల వైపు తిరిగి చేతులు చాచాడు.

గదిలో గాలి మారింది. అల్లికలో కుట్టు జారితే చూడకుండానే బెహియా వేళ్లకు తెలుస్తుంది. ఇదీ అలాగే తెలిసింది. జెనితా కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు కూడా తేడాగా ఉంది. గాజు గోడ వెనక ఒబ్రెన్ పాతికేళ్ల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి వదిలి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ కుర్చీ కిర్రుమన్న చప్పుడు బెహియాకు వినబడింది.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అని అడిగాడు పెద్ద జడ్జి.

"ఒక్క మాట మిగిలింది." బెహియా లేచి, గాజు గోడ వైపు తిరిగింది. "ఆ నలుగురిలో అందరికంటే పశువు వీడే. మిగతా ముగ్గురూ ఎక్కణ్ణుంచి వచ్చారో, వాళ్లకు మా ఇల్లు తెలీదు. వీడు పన్నెండేళ్లు నా కాఫీ తాగాడు. అలాంటివాడు బురద బూట్లతో అందరికంటే ముందు నా గడప తొక్కాడు. నా నేలంతా తొక్కాడు. ఆ తల్లి ఎలా పెంచిందో మరి, పందుల దొడ్లో పెంచినట్టుంది."

జెనితా పెన్ను కింద పడింది. రాయించిన వాంగ్మూలానికి ఇది పూర్తిగా తలకిందులు. వుకాషిన్ ముఖం వెలిగింది, ఫైలు తెరిచి ఆ పేజీ కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆ పేజీ దొరికేలోపే గాజు గోడ వెనక కుర్చీ వెనక్కి పడింది.

"అబద్ధం!"

ఒబ్రెన్ లేచి నిలబడ్డాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"అబద్ధం వదినా! మా అమ్మనెందుకంటావు? ఆ ముగ్గురూ పశువుల్లా తొక్కారు. నేను విప్పాను! గడప బయటే విప్పాను, గోడ వారన పెట్టాను! వాళ్లు నన్ను చూసి నవ్వారు కూడా! నీ ఇంట్లోకి నేనెప్పుడైనా బూట్లతో వచ్చానా? నాకు మర్యాద తెలీదా?"

"కూర్చోండి! నోరు మూయండి!" అని వుకాషిన్ అరుస్తూనే ఉన్నాడు. ఒబ్రెన్ ఇంకా బెహియానే చూస్తున్నాడు, ఆమె ఒప్పుకోవాలన్నట్టు. ఆ తర్వాత అతనికి నిశ్శబ్దం వినబడింది. రెండు చేతులూ గాజుకు ఆనించి, నెమ్మదిగా కిందికి జారాడు. కుర్చీ అక్కడ లేదు. నేల మీదే కూర్చున్నాడు.

"ఇప్పుడు నిజం చెప్పాడు. రాసుకోండి" అంది బెహియా.

పెద్ద జడ్జి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మీరు ఇప్పుడు చెప్పింది..."

"అబద్ధం. నా పాత కాగితంలో ఉన్నదే నిజం. వాడు విప్పాడు."

బయట వరండాలో జెనితా ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి తిట్టింది. "ప్రమాణం చేసి అబద్ధమా? మిమ్మల్ని జైల్లో పెట్టి ఉండేవాళ్లు!"

"పెట్టనీ. వాడి పక్క గది ఇమ్మను. రోజూ గోడ అవతల నుంచి తిడతాను."

జెనితా నవ్వలేక, ఏడవలేక, ఆమె చేతులు పట్టుకుని అక్కడే బల్ల మీద కూలబడింది.

పధ్నాలుగేళ్లు వేశారు. తీర్పు చదువుతున్నంతసేపూ బెహియా వేళ్లు ఒళ్లో ఖాళీగా కదులుతూనే ఉన్నాయి. పధ్నాలుగు అనగానే లేచింది. "ఇద్దరికీ కలిపా, ఒక్కొక్కరికా?" అని అడిగింది. కలిపేనన్నారు.  బస్సులో మాత్రం ఈసారి వాంతులు కాలేదని మా అమ్మ చెబుతుంది.

ఒబ్రెన్ జైలుకెళ్లాక తొలి చలికాలం కోవిల్క వాగు దాటి వచ్చింది. గడప దగ్గర బూట్లు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. జైలువాళ్లు ఇచ్చిన మేజోళ్లతో ఎడమ కాలికి పుండు పడిందట. ఒక్క జత అల్లగలవా అని, నేల చూస్తూ అడిగింది.

బెహియా లోపలికెళ్లి ఒక జత తెచ్చిచ్చింది. మందపాటి ఉన్ని, నీలం అంచు, చక్కటి పని. కోవిల్క మడతలు విప్పి చూసింది. రెండూ ఐదేసి వేళ్లకు సరిపోయేవే.

"బెహియా, ఇవి..."

"ఒరుసుకోనీ" అంది బెహియా. తలుపు వేసేసింది.

ఈ కథంతా రాసి, వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఆమెకు చదివి వినిపించాను. పీట మీద కూర్చోబెట్టి మనుషుల్ని నడిపించడం విని, పిచ్చి వెధవా అంది. మేజోడు మడమ తిప్పడం గురించి తప్పు రాశానని రెండుసార్లు ఆపింది. మురిజ్ దగ్గర ఆపలేదు. కోర్టు భాగం వచ్చేసరికి నేనే కొంచెం గొంతు తగ్గించి, ఇక్కడ మార్చి రాయనా అమ్మమ్మా, దేవుడి మీద ప్రమాణం చేసి మరీ అబద్ధమాడావు, చదివినవాళ్లు తప్పు కదా అంటారేమో అన్నాను.

"తప్పే" అంది. "రేపు పిలిచినా వెళ్లి మళ్లీ ఆడతాను. మార్చకుండా రాయి."